అర్ధరాత్రి గేటు ఎవరు ఎత్తాలి?

2023 అక్టోబరు 3 రాత్రి పది దాటాక, సిక్కింలో 5,200 మీటర్ల ఎత్తున ఉన్న సౌత్ లొనాక్ సరస్సులోకి ఒడ్డు విరిగి పడింది. గడ్డకట్టి ఉన్న ఆ మట్టీ రాళ్లూ కలిపి దాదాపు కోటీ 47 లక్షల ఘనపు మీటర్లు. ఆ దెబ్బకు ఇరవై మీటర్ల ఎత్తు అల లేచి, సరస్సును ఆపి ఉంచిన కట్టను దాటి, దాన్ని కోసేసింది. సుమారు ఐదు కోట్ల ఘనపు మీటర్ల నీరు, మనకు అలవాటైన లెక్కలో ఒకటిముప్పావు టీఎంసీ, ఒక్కసారిగా లోయలోకి దూకింది. అరవై కిలోమీటర్లకు పైగా దిగువన చుంగ్‌థాంగ్ దగ్గర తీస్తా-3 జలవిద్యుత్ కేంద్రం ఆనకట్ట ఉంది. కేంద్రం సామర్థ్యం 1,200 మెగావాట్లు, ఆనకట్ట ఎత్తు 60 మీటర్లు. అర్ధరాత్రి వేళ వరద అక్కడికి చేరేసరికి గేట్లు ఎత్తి సిద్ధంగా లేవు. నిమిషాల్లో ఆనకట్ట కొట్టుకుపోయింది. దిగువ లోయలో 55 మంది మరణించారు, 74 మంది ఆచూకీ దొరకలేదు. ఈ మొత్తం కథలో ఒక్క లెక్క మనసును వదలదు. సరస్సు తెగడానికీ ఆనకట్ట తెగడానికీ మధ్య రెండు గంటలకు అటూ ఇటూగా సమయం ఉంది. హిమాలయాల్లో ఇలాంటి వరద విషయంలో రెండు గంటలంటే చాలా ఎక్కువ. అంత సమయం చేతిలో ఉండి కూడా ఎందుకు చేజారిందో అర్థం చేసుకుంటేనే, మిగిలిన లోయల్లో ఏం చేయాలో తెలుస్తుంది.

ముందుగా ఈ సరస్సులు ఎలా పుడతాయో చూద్దాం. హిమానీనదం కిందికి జారుతూ రాళ్లనూ మట్టినీ తోసుకొస్తుంది. చివరి అంచున వాటిని గట్టుగా పేర్చిపెడుతుంది. ఈ గట్టునే మొరైన్ అంటారు. వాతావరణం వేడెక్కి హిమానీనదం వెనక్కి తగ్గినప్పుడు, గట్టుకూ మంచుకూ మధ్య ఖాళీ అయిన పల్లంలో కరిగిన నీరు నిలుస్తుంది. మన ఊరి చెరువు గట్టును మనుషులు మట్టి ఎంచి, తడిపి, దిమ్మిస కొట్టి కట్టారు. మొరైన్ గట్టును ఎవరూ కట్టలేదు. లోపల ఎక్కడెక్కడో పాత మంచు గడ్డలు ఇరుక్కుని ఉంటాయి, అవి కరిగేకొద్దీ గట్టు గుల్లబారుతుంది. 1970ల నడుమ సౌత్ లొనాక్ విస్తీర్ణం చదరపు కిలోమీటరులో ఐదో వంతు. తెగే నాటికి ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు దాటింది. అల ఒకసారి గట్టు మీదుగా పొర్లితే నీరే గట్టును తవ్వుతుంది, తవ్విన గండి వెడల్పయి మరింత నీటిని వదులుతుంది, ఆ నీరు ఇంకా లోతుగా తవ్వుతుంది. దిగువకు వచ్చేది నీరొక్కటే అయితే కొంత నయం. ఆ రాత్రి వరద దారి పొడవునా ఒడ్డులను కోసి కలుపుకున్న రాళ్లూ మట్టీ ఇసుకా సుమారు 27 కోట్ల ఘనపు మీటర్లని తరవాతి అధ్యయనాలు లెక్కగట్టాయి. బయలుదేరిన నీటికి ఐదు రెట్లకు పైగా బరువైన సరుకు నదిలో చేరిందన్నమాట.

ఇప్పుడు కాలం లెక్కకు వద్దాం. గోదావరి వరద మనకు తెలిసిందే. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి ఉప్పొంగిన కబురు ముందే అందుతుంది కాబట్టి, ఊళ్లు ఖాళీ చేయించడానికి గంటలే కాదు, ఒక్కోసారి రోజులు కూడా దొరుకుతాయి. హిమానీ సరస్సు తెగితే అంత వ్యవధి ఉండదు. అయినా భద్రాచలం అంకెల్లో హిమాలయాలకు పనికొచ్చే పాఠం ఒకటుంది. 43 అనగానే ఎవరు ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది. నీరు ఆ గీత తాకాక, ఇప్పుడేం చేద్దామని సమావేశం పెట్టరు. హెచ్చరిక వ్యవస్థ ప్రాణమంతా అక్కడే ఉందని నా వాదన. పరికరం పంపేది ఒక అంకె. ఆ అంకె అందగానే చేయాల్సిన పని ముందే నిర్ణయమై, చేసే మనిషికి అధికారం ముందే చేతికొచ్చి ఉంటేనే అది హెచ్చరిక అవుతుంది. సరస్సు గురించి తెలుసుకోవడానికి మనం ఎంతో ఖర్చు పెడుతున్నాం. తెలిసిన క్షణంలో గేటు ఎవరు ఎత్తాలన్నది మాత్రం తేల్చకుండా వదిలేస్తున్నాం.

తెలుసుకునే విషయంలో మన దేశం వెనకబడి లేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం భారతీయ హిమాలయ నదుల పరీవాహకంలో పావు హెక్టారుకు మించిన హిమానీ సరస్సులను 28,043 దాకా లెక్కించి అట్లాస్ తయారుచేసింది. 2024 ఏప్రిల్‌లో ఇస్రో మరో లెక్క విడుదల చేసింది. పది హెక్టార్లకు మించిన 2,431 సరస్సుల్లో 676 సరస్సులు 1984 నుంచి గణనీయంగా పెరిగాయి, వాటిలో 130 మన దేశంలో ఉన్నాయి. సౌత్ లొనాక్ ప్రమాదకరమని శాస్త్రవేత్తలు ఏళ్ల ముందే చెప్పారు. తెగాక కూడా మొదట స్పష్టంగా చూపింది ఉపగ్రహమే. సెప్టెంబరు 28న 167 హెక్టార్లున్న సరస్సు అక్టోబరు 4న 60 హెక్టార్లకు కుంచించుకుపోయింది. అయితే ఉపగ్రహం చూపు ఇలాంటి క్షణానికి సరిపోదు. రాడార్ ఉపగ్రహం మబ్బుల గుండా చూడగలదు కానీ ఒకే చోటికి మళ్లీ రావడానికి రోజులు పడుతుంది. ఏ సరస్సు మీద కన్నేసి ఉంచాలో అది చెప్పగలదు. ఈ రాత్రి పది గంటలకు ఏం జరిగిందో చెప్పాలంటే ఆ సరస్సు ఒడ్డునే ఒక పరికరం ఉండాలి.

ఆ పరికరాన్ని దగ్గరగా చూడండి. సరస్సు నీరు బయటికి పారే చోట బండరాయికి బోల్టులతో బిగించిన ఇనుప స్తంభం. దాని పైనుంచి నీటి వైపు తలవంచిన చిన్న రాడార్, తరంగం పంపి తిరిగొచ్చే వ్యవధిని బట్టి నీటిమట్టం కొలుస్తుంటుంది. మట్టం పెరిగితేనే కాదు, నిమిషాల్లో ధబాలున పడిపోయినా ప్రమాదమే. గట్టు తెగిందని దాని అర్థం. మంచు నిలవకుండా జారిపోయేలా దాదాపు నిటారుగా నిలిపిన సోలార్ పలక, చలికి చచ్చిపోకుండా మందపాటి పెట్టెలో దాచిన బ్యాటరీ, ఉపగ్రహానికి కబురు పంపే యాంటెన్నా. కొంచెం దిగువన లోయకు అడ్డంగా కట్టిన తీగలు ఉంటాయి, వరద వాటిని తెంపితే ఆ తెగడమే సంకేతం. నేలలో పాతిన జియోఫోన్, బండలు దొర్లే అదురును వింటుంది. ఈ మూడింటిలో రెండు ఒకేసారి కేక వేస్తేనే అలారం మోగేలా అమర్చుకోవచ్చు. ఇలాంటి ఏర్పాటుకు సౌత్ లొనాక్ దగ్గర కూడా శ్రీకారం చుట్టారు. 2023 సెప్టెంబరులో ఒక బృందం పైకెళ్లి కెమెరా, వాతావరణ పరికరాలు అమర్చి వచ్చింది. వరద వస్తే దిగువను అప్రమత్తం చేసే భాగం తరవాతి దశలో పెట్టాల్సి ఉంది. వరద అంతవరకు ఆగలేదు. పైగా అమర్చిన కెమెరాకు కూడా నెలాఖరులోనే కరెంటు అందడం ఆగిపోయింది.

అన్ని ఆపదలూ సరస్సుల నుంచే రావు. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో రోంతి శిఖరం నుంచి రాయీ మంచూ కలిసిన పెళ్ల, దాదాపు రెండు కోట్ల 70 లక్షల ఘనపు మీటర్లది, విరిగి పడింది. రిషిగంగ మీది 13.2 మెగావాట్ల కేంద్రం తుడిచిపెట్టుకుపోయింది. నిర్మాణంలో ఉన్న తపోవన్ విష్ణుగఢ్ సొరంగాల్లో కార్మికులు చిక్కుకుపోయారు. మృతులు, గల్లంతైనవారు 200 మందికి పైనే. అక్కడ కాపలా కాయడానికి సరస్సే లేదు. అయినా ఆ పెళ్ల విరిగిన అదురు, లోయలో దొర్లిన శబ్దం భూకంప లేఖినుల మీద నమోదయ్యాయి. ఇలాంటి ప్రవాహాలను ప్రాంతీయ భూకంప నమోదు కేంద్రాల జాలంతో పసిగట్టి దిగువకు ముందుగా చెప్పే అవకాశం ఉందని అదే సంవత్సరం ఒక పరిశోధక బృందం చూపింది. సౌత్ లొనాక్ ఒడ్డు విరిగిన క్షణాన్ని కూడా తరవాత శాస్త్రవేత్తలు భూకంప లేఖినుల నుంచే తేల్చారు. తరవాత చదవగలిగిన గీతను అప్పటికప్పుడే చదివే ఏర్పాటు ఉంటే, కొండ మీద ఒక కెమెరా మూగబోయినంత మాత్రాన లోయ మొత్తం గుడ్డిదైపోదు.

కబురు అందిందనుకుందాం. ఇప్పుడు విద్యుత్ కేంద్రంలో కంట్రోల్ రూమ్ వైపు చూడాలి. రాత్రి షిఫ్టులో ఉన్న ఇంజనీరు ముందు వరసగా పనులున్నాయి. దిగువ ఊళ్లకు సైరన్ మోగించాలి. సొరంగాల్లో, భూగర్భ పవర్‌హౌస్‌లో ఉన్నవాళ్లను పైకి రమ్మనాలి. బురద యంత్రాల్లోకి చొరబడకుండా టర్బైన్లు ఆపి నీటి ద్వారాలు మూయాలి. స్పిల్‌వే గేట్లు ఎత్తాలి. నదిలో కిందనున్న కేంద్రానికి చెప్పాలి. చివరికి ఆనకట్ట మీద ఉన్న మనుషులు తప్పుకోవాలి. టర్బైన్లు ఆగాక గేట్ల మోటార్లకు కరెంటు డీజిల్ జనరేటర్ నుంచి రావాలంటే, అది మొదటి ప్రయత్నంలోనే స్టార్ట్ కావాలి. ఒక్కో గేటు పూర్తిగా లేవడానికి నిమిషాలు పడతాయి. వీటిలో దేనికీ పెద్ద మేధస్సు అవసరం లేదు. అవసరమైంది అనుమతి. ఉత్పత్తి ఆపితే నష్టం, నిండు జలాశయం ఖాళీ చేస్తే నష్టం, కాబట్టి కింది ఉద్యోగి పైఅధికారికి ఫోన్ చేస్తాడు, ఆయన మరో అధికారికి చేస్తాడు. లోయలో వరద సెకనుకు తొమ్మిది పది మీటర్లు దూసుకొస్తున్నప్పుడు, పది నిమిషాల ఫోన్ మంతనాలు ఐదారు కిలోమీటర్ల దూరాన్ని మింగేస్తాయి.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వినిపిస్తుంది. ముందే తెలిసినా ఆ ఆనకట్ట నిలిచేదా అని. నిజాయితీగా లెక్క చూద్దాం. తీస్తా-3 జలాశయంలో పట్టేది సుమారు 50 లక్షల ఘనపు మీటర్లు. సరస్సు నుంచి వచ్చిన నీరే దానికి పది రెట్లు. స్పిల్‌వే సామర్థ్యం సెకనుకు 7,000 ఘనపు మీటర్లు, అంటే రెండున్నర లక్షల క్యూసెక్కులు. దాన్ని లెక్కగట్టింది వానల వరదకు. రాళ్లు పేర్చి ముందు కాంక్రీటు పలక పోసిన ఆనకట్ట అది, నీరు పైనుంచి పొర్లితే వెనక రాళ్లు ఊడిపోతాయి. గేట్లన్నీ తెరిచి ఉన్నా ఆనకట్ట దెబ్బతినేదేనని ఒప్పుకోవాలి. అయినా హెచ్చరిక వృథా అనడం సరికాదు. జలాశయాన్ని ముందే దించి ఉంటే, ఆనకట్ట తెగినప్పుడు అందులోని అరకోటి ఘనపు మీటర్లు కూడా వరదకు తోడై ఒక్క ఉదుటున దిగువ మీద పడేవి కావు. చుంగ్‌థాంగ్ కింద నది ఇంకా ఎన్నో ఊళ్ల పక్క నుంచి, తీస్తా-5 వంటి కేంద్రాల మీదుగా పారుతుంది. అక్కడివాళ్లకు దొరికే ప్రతి అరగంటా ప్రాణాల లెక్కే. హెచ్చరిక మొదట కాపాడాల్సింది మనుషులను. కాంక్రీటు ఆ తరవాత.

రెండో అభ్యంతరం తప్పుడు అలారం గురించి. పక్షి తగిలి తీగ తెగినా, సెన్సర్ మంచుకు గడ్డకట్టినా కేంద్రం ఆపేయాలా? నాలుగుసార్లు ఉత్తుత్తి సైరన్ మోగితే ఐదోసారి ఎవరు కదులుతారు? న్యాయమైన ప్రశ్న. 1,200 మెగావాట్ల కేంద్రం గంటసేపు ఆగితే పోయేది 12 లక్షల యూనిట్లు. యూనిట్‌కు ఐదు రూపాయలు వేసుకున్నా 60 లక్షలు. కొట్టుకుపోయిన ప్రాజెక్టు కట్టడానికి అయిన ఖర్చు 14 వేల కోట్లకు దగ్గర. ఏడాదికి పది తప్పుడు అలారాలు భరించినా, వందేళ్లలో దాని మీద పోయేది ఆ ఖర్చులో ఇరవయ్యో వంతు లోపే. భద్రాచలంలో లాగా మెట్లు పెట్టుకుంటే నష్టం ఇంకా తగ్గుతుంది. ఒక్క సెన్సర్ అరిస్తే సొరంగాల్లో మనుషులు పైకి రావాలి, రెండు అరిస్తే యంత్రాలు ఆగాలి, గేట్లు లేవాలి. కానీ గేటు ఎత్తడమే ప్రాణాంతకం కావచ్చన్న సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు, ఎగువన లార్జీ జలవిద్యుత్ కేంద్రం వదిలిన నీటికి కొట్టుకుపోయారు. నీరు వస్తోందన్న కబురు ఆ పిల్లల చెవిన పడలేదు. అందుకే వరస మారకూడదు. ముందు సైరన్, తరవాతే గేటు. సైరన్ శబ్దం ఆనకట్ట దగ్గర ఆగిపోకుండా, జనం నదిలోకి దిగే ప్రతి మలుపుకూ వినపడాలి.

మూడో అభ్యంతరం అనుభవం నుంచి వచ్చింది. ఇలాంటి వ్యవస్థలు నిలవవు అంటారు. నేపాల్‌లో త్సో రోల్పా సరస్సు కింద 1998లోనే 19 చోట్ల సైరన్లు పెట్టారు. అప్పటికి దిగువన 60 మెగావాట్ల ఖిమ్తి కేంద్రం నిర్మాణంలో ఉంది. దేశంలో సాయుధ పోరు నడుమ, నిర్వహణ లేక, కొద్ది సంవత్సరాలకే ఆ సైరన్లు మూగబోయాయి. పెరూలో లగూనా 513 సరస్సు దగ్గర పెట్టిన పరికరాలను 2016లో స్థానికులే పీకేశారు. కరువుకు కారణం ఆ స్తంభాలేనని వాళ్లు నమ్మారు. ఈ రెండూ చెబుతున్నది ఒకటే. పరికరానికి రోజూ కనిపెట్టుకుని ఉండే యజమాని కావాలి, ఊరి నమ్మకం కావాలి. యజమానిగా ఉండదగినది జలవిద్యుత్ కేంద్రమే. రాత్రీ పగలూ మనుషులు ఉండేది అక్కడే, కరెంటు, వర్క్‌షాపు, ఆదాయం ఉన్నదీ అక్కడే. వరద వస్తే ముందుగా పోయేదీ ఆ కేంద్రమే. సరస్సు నిఘా ఖర్చును ప్రాజెక్టు నిర్వహణ ఖర్చులో భాగం చేసి, బ్యాటరీ మార్చిన తేదీ దగ్గర్నుంచీ తనిఖీ చేసే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి. ఊరి నమ్మకం మాత్రం డబ్బుతో రాదు. సైరన్ ఎందుకు పెట్టారో, అది మోగితే ఏ దారిన ఏ మెరకకు ఎక్కాలో ఆ ఊరివాళ్లే ఏటా వానాకాలానికి ముందు ఒకసారి నడిచి చూపితే, ఆ స్తంభం వాళ్లదవుతుంది.

సరస్సునే దించేస్తే సరిపోదా, ఆనకట్టనే ఎత్తుగా కడితే సరిపోదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. రెండూ మంచి పనులే. భూటాన్‌లో 1994లో లుగ్గే త్సో తెగి 21 మంది చనిపోయాక, పక్కనున్న థోర్థోర్మి సరస్సు మట్టాన్ని 2009 నుంచి 2012 దాకా మనుషులు చేతులతో కాలువ తవ్వి ఐదు మీటర్లు దించారు. 2016లో నేపాల్ ఇమ్జా సరస్సును 3.4 మీటర్లు దించింది. అదే ఏడాది సౌత్ లొనాక్ నుంచి కూడా సైఫన్ పైపులతో నీరు తోడే ప్రయత్నం జరిగింది. పైపులు తోడిన కొద్దిపాటి నీరు, ఒడ్డు విరిగిపడే ప్రమాదాన్ని తీర్చలేకపోయింది. ఒక్కో సరస్సుకు కొన్నేళ్ల శ్రమ, పెరుగుతున్న సరస్సులేమో వందల్లో ఉన్నాయి. తీస్తా-3ని ఈసారి 118 మీటర్ల కాంక్రీటు ఆనకట్టగా, సెకనుకు దాదాపు 20 వేల ఘనపు మీటర్లు వదిలే స్పిల్‌వేతో కట్టాలన్న ప్రతిపాదనకు 2025 జనవరిలో కేంద్ర నిపుణుల కమిటీ సిఫార్సు దక్కింది. స్పిల్‌వే ఎంత పెద్దదైనా, గేట్లు మూసి ఉంటే దాని సామర్థ్యం సున్నా. భూటాన్ ఇంకో పని కూడా చేసింది. సరస్సును దించుతూనే, 2011 నాటికి పునాఖా లోయకు ఆటోమేటిక్ హెచ్చరిక వ్యవస్థనూ అమర్చుకుంది. ఒకటి చేశాం కాబట్టి రెండోది అక్కర్లేదు అనుకోలేదు.

వీటికి తోడు సరిహద్దు చిక్కు ఒకటి. 2025 జూలై 8న టిబెట్ వైపు హిమానీనదం మీద నిలిచిన నీరు తెగి, నేపాల్‌లోని రసువా దగ్గర మైత్రీ వంతెనను ఊడ్చేసి, 111 మెగావాట్ల రసువాగఢీ కేంద్రాన్ని దెబ్బతీసింది. అవతలి దేశం నుంచి ముందస్తు కబురు రాలేదు. సరస్సు ఒక దేశంలో, పవర్‌హౌస్ మరో దేశంలో ఉన్నప్పుడు సెన్సర్ పెట్టే హక్కు కూడా ఉండదు. అక్కడ ఉపగ్రహాలు, భూకంప లేఖినులు, సరిహద్దు దాటగానే నదిలో పెట్టిన తొలి సెన్సర్, ఇవే దిక్కు. దొరికేది పదిహేను నిమిషాలే కావచ్చు. పదిహేను నిమిషాలు మాత్రమే ఉన్నప్పుడు, ఎవరినీ అడగకుండా చేయాల్సిన పని ఏదో ముందే రాసి ఉండటం మరీ ముఖ్యం.

ప్రపంచం మొత్తం మీద కోటిన్నర మంది హిమానీ సరస్సుల వరద ముప్పు కింద బతుకుతున్నారని 2023లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వాళ్లలో సగానికి పైగా ఉన్నది నాలుగు దేశాల్లో, ఆ నాలుగింటిలో మన దేశం ఒకటి. ఆ లోయల్లో కొత్త కేంద్రాలు వస్తూనే ఉంటాయి, దేశానికి ఆ కరెంటూ అవసరమే. అయితే వాటికి అనుమతి ఇచ్చే ముందు ఆనకట్ట నమూనాతో పాటు ఒక కాగితం కూడా అడగాలి. పైన ఏ సెన్సర్లు మోగితే, ఎన్ని నిమిషాల్లో, ఏ హోదా ఉద్యోగి, ఎవరినీ అడగకుండా ఏం చేస్తాడు, తప్పుడు అలారం అని తేలినా అతని మీద చర్య ఉండదని ఎవరు సంతకం పెట్టారు. ఆ కాగితం కంట్రోల్ రూమ్ గోడకు అతికించి ఉండాలి. ఆరు నెలలకోసారి, ముందు చెప్పకుండా, అర్ధరాత్రి అలారం మోగించి, చివరి గేటు లేచేదాకా గడియారం పట్టుకుని చూడాలి. వరద సరస్సు నుంచి ఊరిదాకా రావడానికి పట్టే నిమిషాల్లోంచి, ఈ పరీక్షలో జనరేటర్‌కు, గేట్లకు, ఫోన్లకు పట్టిన కాలం తీసేస్తే, సరస్సుకూ ఊరికీ మధ్య నిజంగా ఎంత వ్యవధి మిగిలిందో తేలుతుంది. ఆ మిగిలిన నిమిషాల్లోనే నది ఒడ్డు ఇంట్లోంచి ఒక ముసలమ్మ మెట్లెక్కి మెరకకు చేరాలి. వ్యవస్థ పనిచేస్తోందా లేదా అన్నది ఆమె నడకతో కొలవాలి.